రెండు కుర్చీలు, ఒక కీబోర్డు

చల్లటి నేల.

చెప్పులు గుమ్మం బయట విడిచి అడుగు లోపల పెడితే, అది ల్యాబ్ అని ముందు అరికాళ్లకు తెలుస్తుంది. ఆ తర్వాత చెవులకు. ముప్ఫై కీబోర్డులు ఒక్కసారిగా... రేకుల షెడ్డు మీద వాన పడుతున్నట్టు.

ఆ వానలో అన్నిటికంటే జోరుగా పడే చినుకులు వేదశ్రీవి.

పటమట అమ్మాయి. నాన్న లెక్కల మాస్టారు. తొమ్మిదో తరగతి నుంచే ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంది. కళ్లు తెర మీద ఉంటాయి, వేళ్లు వాటి దారిన అవి పోతుంటాయి.

పక్క కుర్చీలో భానుశ్రీ. రోజూ ఉయ్యూరు నుంచి బస్సులో వస్తుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. కంప్యూటర్‌ను అంత దగ్గరగా చూడటం ఆమెకు అదే మొదలు.

రెండు కుర్చీలు. ఒక కీబోర్డు.

బందరు రోడ్డు మీది ఆ ఇంజనీరింగ్ కాలేజీలో అరవై మందికి ముప్ఫై కంప్యూటర్లు మరి. ఇద్దరూ సర్దుకోవాలి.

మొదటి రోజు —

తెర మీద ‘హలో వరల్డ్’ అని పడేలా చెయ్యమన్నారు త్రిపురసుందరి మేడమ్. సి లాంగ్వేజ్ నేర్చుకునే వాళ్లంతా ముందు చేసేది అదేనట. మహా అయితే ఐదారు లైన్లు.

భానుశ్రీ చూపుడు వేలు చాచింది. వేలు గాల్లోనే ఆగిపోయింది. హెచ్ ఎక్కడ... ఏబీసీడీలు వరసగా ఎందుకు లేవు...

ఇంతలో ఏదో తోచి నవ్వింది.

“వేదా, వరల్డ్ బదులు ఉయ్యూరు అని పెట్టొచ్చా? హలో ఉయ్యూరు!”

ఎంత మంచి ప్రశ్న అది! మొదటి రోజే అలా అడిగిన పిల్లకు సగం ప్రోగ్రామింగ్ వచ్చినట్టే. ఆ సంగతి వేదశ్రీకి ఆర్నెల్ల తర్వాత గానీ తట్టలేదు. ఆ రోజు మాత్రం ఆమెకు తొందర. పక్క వాళ్లది అప్పుడే అయిపోయింది.

“మేడమ్ చెప్పిందే చేద్దామే. జరుగు, నేను కొట్టేస్తా. నువ్వు రికార్డ్ రాయి. నీ రైటింగ్ ఎంత బాగుందో!”

భానుశ్రీ ముఖం వెలిగింది. మెచ్చుకోలు అనుకుంది. మెచ్చుకోలే. కాకపోతే దాంతోపాటు కీబోర్డు కూడా ఇటు జరిగింది... ఒక జానెడు.

మళ్లీ అటు జరగలేదు.

ఆ కాలేజీలో ల్యాబ్ అంటే రికార్డ్. కుడి పేజీలో ప్రోగ్రామ్, ఎడమ తెల్ల పేజీలో పెన్సిల్‌తో అవుట్‌పుట్. స్కేలు పెట్టి గీసిన మార్జిన్లు. వారం వారం మేడమ్ ఎర్ర సంతకం. రికార్డ్ అందంగా ఉంటే ల్యాబ్ వచ్చినట్టేనని పిల్లలూ అనుకునేవారు, మేడమ్ కూడా అనుకునేవారు.

భానుశ్రీ రెండు రికార్డులు రాసేది. తనదీ, వేదశ్రీదీ.

ముత్యాల్లాంటి అక్షరాలు.

మూడు అంకెల్లో పెద్దది ఏది... ఇచ్చిన అంకె సరా, బేసా... ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టే లూప్...

వేదశ్రీ కొట్టేది. భానుశ్రీ రాసేది.

బయట బందరు కాలువ నిండింది. గుర్రపుడెక్క తేలుతూ వచ్చింది, తేలుతూ పోయింది.

వేదశ్రీ కొట్టేది. భానుశ్రీ రాసేది.

“ఈసారి నేను కొట్టనా?” అని ఎప్పుడైనా అడిగేది భానుశ్రీ, పెన్ను కింద పెట్టి.

“ఈ ఒక్కటీ అవ్వనీవే. బెల్లు కొట్టేస్తారు.”

పెన్ను మళ్లీ చేతిలోకి వెళ్లేది.

వేదశ్రీ చెడ్డది కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. తన డబ్బాలో పులిహోర సగం భానుశ్రీదే. బస్సు తప్పిన రోజు స్కూటీ మీద బస్టాండు దాకా దింపింది కూడా. ఒక్క నెమ్మదిని మాత్రం ఆమె భరించలేదు. ఒక వేలు అక్షరం కోసం వెతుక్కుంటూ ఉంటే చూడలేకపోయేది. ఆ తడబాటు చూస్తుంటే ఒళ్లంతా దురద పెట్టినట్టు ఉండేది. తను చేసి పెట్టడమే సాయం అనుకుంది.

ఒకరోజు అన్నం తింటూ భానుశ్రీ తమ పొలం గురించి చెప్పింది.

“మాది కాలువ చివరి చేను. పైవాళ్లంతా నీళ్లు పెట్టుకున్నాక మా వంతు. అది వచ్చేసరికి కాలువ కట్టేస్తారు.”

“అయ్యో,” అంది వేదశ్రీ. నిజంగానే బాధపడింది.

బెల్లు మోగింది. ఇద్దరూ ల్యాబ్‌కు వెళ్లారు. వేదశ్రీ కీబోర్డు ముందు కూర్చుంది.

పరీక్ష వచ్చింది.

పరీక్షలో ఒక కంప్యూటర్‌కు ఒక్కరే. పక్కన కుర్చీ లేదు. బయటి కాలేజీ నుంచి శ్రీరామచంద్రమూర్తి గారని ఒక పెద్దాయన వచ్చారు, ఎగ్జామినర్‌గా. ముందు కాగితం మీద ప్రోగ్రామ్ రాయాలి, తర్వాత మెషీన్ మీద చేసి చూపించాలి.

వేదశ్రీది పావుగంటలో అయిపోయింది. తల తిప్పి చూసింది.

నాలుగు వరసల అవతల భానుశ్రీ. ముందున్న కాగితం నిండా ప్రోగ్రామ్, ఒక్క కొట్టివేత లేదు. రికార్డ్ మొత్తం ఆమెకు కంఠతా. చూపుడు వేలు మాత్రం గాల్లో ఉంది. కీబోర్డు మీద ఆ చివర నుంచి ఈ చివరకు... ఈ చివర నుంచి ఆ చివరకు... దేనికోసమో వెతుకుతోంది.

గంట గడిచింది. వేలు ఇంకా వెతుకుతూనే ఉంది.

“ఇంత బాగా రాశావు కదమ్మా, మరి చెయ్యడం రాదా?” అన్నారు ఎగ్జామినర్ గారు. ఆయన గొంతులో కోపం లేదు. ఆశ్చర్యం ఉంది. కోప్పడినా బాగుండేదని వేదశ్రీకి అనిపించింది.

బయట చెప్పులు వేసుకుంటూ భానుశ్రీ ఒక్క మాట అంది.

“ఫ్లవర్ బ్రాకెట్ ఎక్కడుందో కనపళ్లేదే.”

షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. అంతే. ఆర్నెల్లు పక్కన కూర్చున్న మనిషికి ఆ ఒక్క ముక్క వేదశ్రీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు... తన వేళ్లకు తెలుసు కాబట్టి.

ఫలితాలు వచ్చాయి. రాత పరీక్షలో భానుశ్రీకి వేదశ్రీ కంటే ఎక్కువ మార్కులు. ల్యాబ్ పోయింది.

ఆ తర్వాత వారం భానుశ్రీ బ్యాగులో ఒక ఫారం కనిపించింది. కంప్యూటర్స్ నుంచి సివిల్‌కు మారడానికి.

“నాకు కంప్యూటర్ రాదులే వేదా. అది నీలాంటి వాళ్లకి.”

రాకపోవడం కాదే, నేను రానివ్వలేదు — అని వేదశ్రీ అనాలి. నోటిదాకా వచ్చింది.

“సోమవారం ల్యాబ్ సప్లీ ఉందిగా. రాసి చూడు. పాసైతే ఆ ఫారం చింపేద్దువుగాని,” అంది దాని బదులు.

ఆదివారం పొద్దున్నే వేదశ్రీ ల్యాప్‌టాప్ తీసుకుని ఉయ్యూరు బస్సెక్కింది. దారి పొడవునా కాలువ పక్కనే వచ్చింది. ఈరోజు కీబోర్డు ముట్టుకోను — కంకిపాడు దాటేదాకా అదే అనుకుంది. ముట్టుకోను. ముట్టుకోను.

రెండు గదుల ఇల్లు. భానుశ్రీ నాన్న రత్తయ్య కుర్చీ తెచ్చి వేశాడు. అమ్మ రాజ్యలక్ష్మి చెరకు ముక్కలు కోసి పళ్లెంలో పెట్టింది.

“మా అమ్మాయికి అది అబ్బలేదమ్మా. నువ్వు పక్కనుండి ఎంత సాయం చేశావో రోజూ చెప్పేది. నీ రుణం ఉంచుకోలేం,” అన్నాడు రత్తయ్య.

అప్పుడు చెప్పాల్సింది. ఆ తండ్రి ముఖం చూసి, అప్పుడే చెప్పాల్సింది.

“పర్లేదండి,” అంది వేదశ్రీ. చెరకు ముక్క తీసుకుంది.

ఆ మాట ఆమెను ఇప్పటికీ వదల్లేదు.

ల్యాప్‌టాప్ భానుశ్రీ ముందు పెట్టింది. తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

ఒకటి నుంచి పది దాకా అంకెలు తెర మీద పడాలి. చిన్న ప్రోగ్రామ్.

ఒక అక్షరం... వెతుకులాట... ఇంకో అక్షరం...

షిఫ్ట్ నొక్కి పట్టుకుంది. ఫ్లవర్ బ్రాకెట్ పడింది. భానుశ్రీ కళ్లు పెద్దవయ్యాయి. పెరట్లో కోడి అరిచింది. రాజ్యలక్ష్మి గుమ్మంలో నిలబడి చూసి వెళ్లింది. వేదశ్రీ చేతులు తిమ్మిరెక్కాయి. అయినా తియ్యలేదు.

అరగంట పట్టింది. తొమ్మిది లైన్లు. మొత్తం భానుశ్రీ వేలితోనే.

రన్ చేసింది.

ఒకటి... ఒకటి... ఒకటి... ఒకటి...

తెర నిండా ఒకట్లే. తూము ఎత్తేసినట్టు, ఆగకుండా.

“ఆగట్లేదేంటి?” అంది భానుశ్రీ. భయపడలేదు. ముందుకు వంగింది. పెదాలు కదులుతున్నాయి. “రెండు రావట్లేదు... అంటే... అది పెరగట్లేదు... ఎక్కడ పెంచాలి...”

ఎక్కడ పెంచాలో వేదశ్రీకి చూడగానే తెలిసింది. ఆరో లైను తర్వాత ఒక చిన్న ముక్క. మూడు అక్షరాలు.

భానుశ్రీ వేలు పైకి లేచింది. తెర మీద లైన్ల వెంట కదిలింది. నాలుగు... ఐదు... ఆరో లైను దగ్గర ఆగింది.

కొంచెం సేపు.

ఇంకొంచెం సేపు.

టకటకమని చప్పుడైంది.

ఒకటి, రెండు, మూడు... పది. తెర నిలిచిపోయింది.

వేదశ్రీ తన చేతి వంక చూసుకుంది. అది కీబోర్డు మీద ఉంది. ఎప్పుడు వెళ్లిందో ఆమెకు తెలియదు.

“అయ్యో... భానూ, చెరిపేస్తా ఉండు. మళ్లీ నువ్వే —”

“పర్లేదులేవే. వచ్చేసిందిగా.”

భానుశ్రీ నవ్వింది. కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుంది. నోట్సు తీసి, పెన్ను మూత విప్పి, తెర వంక చూస్తూ రాసుకోవడం మొదలుపెట్టింది...