తిరపతమ్మ నుదురు

సంవత్సరీకం నాటి ఉదయం గోడ మీది పటంలో తిరపతమ్మ ముఖం నువ్వుగింజంత అయింది. నిన్నటికి కందిగింజంత ఉంది. అంకమ్మరావు భార్య పటం దించి, తుడిచి, బల్ల మీద పెడతాడు. ఏడాదిగా తగ్గుతూనే ఉంది కనుక ఆశ్చర్యపోడు. కోపం మాత్రం వస్తుంది. బతికుండగానూ ఇంతే, అవసరానికి కనబడేది కాదు.

భోజనాల వేళలోపు ఆ ముఖానికి బొట్టు పెట్టి దండ వేయాలి. ఆమె తమ్ముడు గురవయ్య, చెల్లెళ్లు దండతో వాకిట్లో దిగారు. చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ తీసిన ఫోటోగ్రాఫరు అంకమ్మరావు. అతని ఇంట్లో ఆమెది ఇదొక్కటే ఫోటో. అదీ ఎవరిదో పెళ్లిలో, అతనికి లైటు పట్టుకుని, ఓ మూలన.

"బావా, అక్కని పెద్దది చేశావా?" గురవయ్య కేకేస్తాడు.

"చేస్తన్నా. అరవమాక."

పటంలో ముఖాన్ని దగ్గరగా మళ్లీ ఫోటో తీసే అసలు లెన్సు కొనాలంటే గేదెను అమ్మాలి. అందుకని క్లోజప్ అద్దాలు తెచ్చాడు. ఉన్న లెన్సు ముందు తిప్పి బిగించడమే, కెమెరాకు కళ్లజోడు పెట్టినట్టు. ఒకటి బిగిస్తే మూరెడు దూరానికి రావాలి. రెండోది బిగిస్తే జానెడు. మూడోది బిగించాక అతని ఊపిరి పటానికి తగులుతుంది. ఇల్లు, వాకిలి, ఊరు మసకబారిపోతాయి.

ఒళ్లే ముందుకూ వెనక్కూ ఊపుతూ ఫోకస్ చూసుకోవాలి. కన్ను కుదిరితే పెదవి చెదురుతుంది. పెదవి కుదిరితే అది కదులుతుంది.

"కదలమాకే."

"ఊగేది నువ్వు," అంటుంది పటంలోంచి తిరపతమ్మ. "సరే, నా మొహాన పుట్టుమచ్చ ఏ పక్కనో చెప్పు. కదలకుండా ఉంటా."

"ఎడం బుగ్గన."

"ఇంకాస్త దగ్గరికొచ్చి చూడు."

నాలుగో అద్దం బిగిస్తాడు. నూనె చింది కాలిన మచ్చలు కనబడతాయి. ఎప్పటివో తెలియదు.

"కుడి పక్కన," అంటాడు.

"నాకు పుట్టుమచ్చే లేదయ్యా."

వాకిట్లో చెల్లెళ్లు కిసుక్కున నవ్వుతారు. అంకమ్మరావు చెవులు వేడెక్కుతాయి. ఆ విసురులో మీట నొక్కేస్తాడు.

ఫోటో కెమెరాలో ఆగదు. బల్ల దాటి, గోడలు నెట్టుకుని, పెరటి అవతలికి పరుచుకుంటుంది. అంతా చర్మమే. నూగు జొన్నచేనులా నిలబడి ఉంది. అంచు కనబడదు.

చెల్లెళ్లు చెప్పులు విప్పి, దండ, కుంకుమ భరిణె పట్టుకుని దాని మీదికి ఎక్కుతారు. గురవయ్య ముందు నడుస్తాడు.

"బావా, నుదురు ఎటు?"

అంకమ్మరావుకు తెలియదు. ఆ మాట నోట రాక ఒక దిక్కుకు చెయ్యి చూపిస్తాడు.

"అటేనా? ఎండన పడి ఊరికే తిప్పమాక."

"ఇన్నేళ్లు కాపరం చేసినోణ్ని, నాకు తెలీదంట్రా?"

వాళ్లు అటే నడుస్తారు. చాలాసేపటికి గురవయ్య గొంతు వినిపిస్తుంది.

"బావా, ఇక్కడ చెవి ఉంది!"

ఇక తనే వెళ్లాలి. అంకమ్మరావు చెప్పులు విడిచి పాదం మోపుతాడు. నేల వెచ్చగా ఉంది. మరుక్షణం ఆ చర్మం అంతటా గగుర్పొడిచి, అతని కాలి కింది నుంచి వెనక్కి జరుగుతుంది. దూరాన దండ మోస్తున్నవాళ్లు తూలి, ఒకరినొకరు పట్టుకుని, ఆగి, అతని వైపు తిరుగుతారు.

అతను కాలు తీస్తాడు. సర్దుకుంటుంది. ఈసారి మెల్లగా బొటనవేలు మాత్రం ఆనిస్తాడు.

అది ఇంకొంచెం జరుగుతుంది.