మాస్కు లేని వరస

మామిడి పూత మీద తేనెమంచు పురుగు పడితే ముసునూరు ఆసాములకు నిద్ర పట్టదు. కూలోడి నోట్లోంచి నురగ వస్తే మాత్రం హాయిగా పడుతుంది. ఆ ఉదయం ఇన్నమ్మ మొగుడు పరదేశి అలాగే పడిపోయాడు, పురుగుమందు కొట్టే గొట్టం చేతిలో ఉండగానే.

పట్నం డాక్టరు జీపు తోట గట్టునే ఉంది. పూత మొదలైన దగ్గర్నుంచీ బలం పరీక్షలని చెప్పి, మందు కలిపే ఆడవాళ్లతో సహా అందరి నెత్తురూ తీస్తున్నాడు. ఒక వరసకు మాస్కులిచ్చాడు, పరదేశి వరసకు ఇవ్వలేదు. సరుకు చాల్లేదేమో అనుకున్నారు కూలీలు పాపం. వంతులేసుకుని మార్చి మార్చి కట్టుకున్నారు. ఇవాళ పరదేశి వంతు కాదు.

మాస్కులు మార్చుకున్నారని వినగానే డాక్టరు మండిపడ్డాడు.

"ఎవరు మార్చుకోమన్నారు మిమ్మల్ని? నా పరీక్షంతా తగలేశారు."

"అందరికీ తలా ఒకటిస్తే సరిపోయేది కదండీ," అంది ఇన్నమ్మ, మొగుడి తల ఒళ్లో పెట్టుకుని.

"ఇస్తే తేడా ఎలా తెలుస్తుంది? మాస్కు లేనివాడికి విషం ఎంత ఎక్కుతుందో చూడాలిగా."

ఎంత మామూలుగా అన్నాడో. ఇన్నమ్మ మొగుడి నోటి నురగ కొంగుతో తుడిచింది.

"ఎక్కుద్దని తెలిసే ఊరుకున్నారా? మాకో ముక్క చెప్పొద్దా?"

"చెప్తే ఒప్పుకుంటారేంటి మీరు?" అన్నాడు డాక్టరు పక్కనే నిలబడ్డ తోట ఆసామి తిరుపతిరావు.

"ముందు ఈయన్ని జీపులో నూజివీడు ఆస్పత్రికి చేర్చండి," అంది ఇన్నమ్మ.

"జీపులో నెత్తురు పెట్టె ఉంది. ఐసు కరిగేలోపు బెజవాడ చేరాలి," అన్నాడు డాక్టరు.

ఛీ. మనిషి నెత్తురుకి సీటుంది, మనిషికి లేదు.

ఇన్నమ్మ లేచెళ్లి జీపుకి అడ్డంగా కూర్చుంది.

"ఆసామితో మనకెందుకే, రేపు పనుండదు," అన్నాడు తోటి కూలీ సాంబయ్య భయంగా.

"పనుంటది బాబాయ్. మనమే ఉండం."

ఇవాళ మాస్కు కట్టుకున్న విజయరాణి దాన్ని విప్పి బానెట్టు మీద పడేసింది. వెనకాలే మిగతావాళ్లూ పడేశారు. పెట్టె దించి మట్టిలో పెట్టి, పరదేశిని ఎక్కించారు. డ్రైవరు జీపుని నూజివీడు పోనిచ్చాడు.

పరదేశి బతికాడు. అందరికీ మాస్కులిచ్చేదాకా, సూది దేనికో చెప్పేదాకా మందు కొట్టమని కూలీలు తేల్చేశారు. పూత నల్లబడుతోంది. ఆసామి పోలీసుల్ని పిలిపించాడు.

"పెట్టె దించిన చెయ్యి ఎవరిది?" అన్నాడు ఎస్సై.

ఇన్నమ్మ సూది గుచ్చిన చెయ్యి చాపింది. పక్కనే విజయరాణి చాపింది. కాసేపు నేల చూపులు చూసి, సాంబయ్యా చాపాడు. ఆ తర్వాత తోటలో చాపని చెయ్యి లేదు.

"అందరికీ అదే గుర్తండి," అంది ఇన్నమ్మ. "తేడా ఉందేమో చూస్కోండి."