బీరువా కొండెక్కిన రోజు

కనక తిట్టడం మానేసి ఆ ఉదయానికి పదకొండు రోజులు.

మొదటి రోజు గాసి సంబరపడ్డాడు. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో అంత ప్రశాంతంగా అంబలి తాగిన పూట లేదు. రెండో రోజు అనుమానం వచ్చింది. మూడో రోజు పరీక్ష పెట్టాడు. బురద కాళ్లతో ఇంట్లోకి వచ్చి, అలికిన నేల మీద అటోసారి ఇటోసారి నడిచాడు. కనక మూడు దుప్పట్ల కింద నుంచి ఒక కన్ను తెరిచి చూసి, మళ్లీ గోడవైపు తిరిగింది.

అప్పుడు భయం వేసింది.

మూలపుట్టు తూర్పు కొండ కాళ్ల దగ్గర ఉంటుంది. చలికాలం ఎండ ముందు గెడ్డ వాగు అవతల, పడమటి గట్టు మీది కాఫీ తోటలకు వస్తుంది. ఇళ్లమీద పడాలంటే సూర్యుడు తూర్పు కొండ నెత్తి దాటాలి. అందుకు పదకొండవుతుంది. గాసి ఇల్లు కొండకు మరీ అతుక్కుని ఉంది కాబట్టి దానికి పన్నెండు. మూడు కొట్టేసరికి సూర్యుడు పడమటి కొండ చాటుకు పోయి మళ్లీ నీడ. మంచు చూడటానికి కార్లలో వచ్చేవాళ్లు పైన రోడ్డు మీద ఫొటోలు దిగి, టీ తాగి, ఎంత అదృష్టవంతులో ఇక్కడివాళ్లు అనుకుంటూ వెళ్లిపోతారు.

ప్రతి చలికాలం కనక కాస్త ముడుచుకునేది. ఈసారి పూర్తిగా ముడుచుకుపోయింది. రెండు ముద్దలు తిని పళ్లెం తోసేస్తోంది. కాఫీ పళ్లు ఎర్రబడ్డాయన్నా లేవలేదు. సంతకు రమ్మన్నా లేవలేదు.

నర్సు సంతోషమ్మ వచ్చింది. ఊళ్లో అందరికీ ఆమె సిస్టరమ్మ. బీపీ చూసింది, రక్తం చూసింది, మంచం పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడింది. బయటికొచ్చి గాసిని పక్కకు పిలిచింది.

“ఒంట్లో జబ్బేమీ కనబడట్లేదు గాసన్నా. ఈ చీకటికీ చలికీ కొంతమందికి మనసు ఇలా మబ్బేస్తుంది. పొద్దున్నే ఎండ తగలాలి. నాలుగడుగులు నడవాలి. మనుషులతో మాట్లాడాలి. ఈ వారంలో తేడా కనపడకపోతే పాడేరు తీసుకెళ్లి డాక్టరుకి చూపిద్దాం.”

“ఎండకి రమ్మంటే లెగదు సిస్టరమ్మా.”

“బతిమాలు.”

“బతిమాలితే తిట్టాలి కదా. తిట్టట్నేదు!” అన్నాడు గాసి.

ఇదంతా పక్కింటి సైలస్ వింటున్నాడు. ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు. మిగతా ఆరు రోజులూ సలహాలిస్తాడు.

“ఆవిడ ఎండ కాడికి రాదు, అంతే కదా బావా? ఎండనే ఆవిడ కాడికి తెద్దాం.”

“ఎలగ? బిందెతోనా?”

“మీ ఇంట్లో నిలువుటద్దం ఉంది కదేటి?”

ఉంది. మూలపుట్టు మొత్తానికి అదొక్కటే నిలువుటద్దం, కనక ఇనప బీరువా తలుపుకి. పొద్దున్న పడమటి గట్టు మీద నిలబెడితే ఎండ దానిమీద పడి, గెడ్డ మీదుగా తిరిగొచ్చి, సరిగ్గా గాసి గుమ్మంలో దూరుతుంది. సైలస్ పుల్లతో నేలమీద గీసి చూపించాడు. గీత చూస్తే చాలా సులువుగా ఉంది.

అద్దం ఊడదీయబోతే రాలేదు. బీరువా ఖాళీ చేద్దామంటే తాళంచెవి కనక మెడలో ఉంది, మూడు దుప్పట్ల కింద.

“బీరువాతోనే పోదాం” అన్నాడు సైలస్.

మర్నాడు ఎనిమిదిన్నరకు పని మొదలైంది. గాసి, సైలస్, ఎదురింటి అన్నదమ్ములు సుక్రు, ఫల్గుణ. రెండు వెదురు బొంగులు, ఒక మోకు. బీరువా నేలమీద కీచుమంటూ కదిలింది. కోళ్లు చెదిరిపోయాయి. కుక్క అరిచింది. బీరువా అంచు తగిలి మంచం కూడా కదిలింది. కనక కదల్లేదు. ఏటి సేత్తన్నారని కూడా అడగలేదు.

గాసి గుమ్మంలో ఆగిపోయాడు. “బావా, ఇల్లు దోసేత్తన్నా అడగట్నేదు.”

“ఏడుపు తరవాత. అటేపు ఎత్తు.”

దారిలో ఒక ముసలాయన ఎదురయ్యాడు. “ఇల్లు మారతన్నారేట్రా?”

“నేదు తాతా, ఎండ తేడానికి ఎల్తన్నాం.”

“తేండి తేండి. నాకూ కొంచెం ఉంచండి.”

గెడ్డ నీళ్లు మోకాలి లోతు. కాలు పెట్టగానే నలుగురూ ఒకేసారి ఒకే బూతు మాట అన్నారు. నడిమధ్యలో సుక్రు జారాడు. బీరువా ఒరిగింది. లోపల దడదడమని ఏవో దొర్లాయి.

“లోపల ఏటుంది, రోలా?” అని అరిచాడు ఫల్గుణ.

“మా అత్త ఇచ్చిన ఇత్తడి బిందెలు!”

“పెళ్లయి పాతికేళ్లు దాటింది. ఒక్కటైనా అరగనేదేటి?”

తొమ్మిదింపావుకు గట్టు మీది బండరాయికి బీరువాను చేరేశారు. మంచు అప్పుడే విచ్చుకుంటోంది. కింద గాసి వాకిట్లో సంతోషమ్మ ఎర్ర గొడుగుతో నిలబడింది. ఊళ్లో ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి గొడుగు ఎటు ఊపితే అద్దం అటు తిప్పాలని ఏర్పాటు.

మొదటి వెలుగు సైలస్ ఇంటి అరుగు మీద పడింది. అక్కడ బియ్యం ఏరుకుంటున్న అతని అత్త తలెత్తి చూసింది. కొండ మీదికి సూర్యుడు ఇంకా రాలేదు. ఒళ్లో మాత్రం ఎండ. “స్తోత్రం!” అని చేట వదిలేసి చేతులెత్తింది.

గొడుగు కుడికి ఊగింది. నలుగురూ బీరువాను జరిపారు. వెలుగు కోళ్ల గూటిలోకి దూరింది. పుంజు బయటికొచ్చి ఆ రోజుకి రెండోసారి కూసింది. ఇంకొంచెం జరిపారు. ఒక మేక వెలుగు వెంట పడింది. గొడుగు పిచ్చెత్తినట్టు ఊగింది. ఇంకొంచెం. ఇంకాస్త. వెలుగు గుమ్మం దాటి లోపలికి వెళ్లింది.

ఆ ఇంట్లో పొద్దుటిపూట అంత వెలుగు పడి నెల దాటింది. కనక మొహం ముందున్న గోడ పచ్చగా మెరిసింది. ఆమె చిరాగ్గా ఇటు తిరిగింది. తిరిగి, వంటమూల చూసింది.

అక్కడ పదకొండు రోజుల గాసి వంట ఉంది. అడుగంటి బొగ్గయిన కుండ ఉంది. చోడిపిండి, అదే రాగిపిండి, డబ్బాకు మూత లేదు, కోడిపెట్ట ఉంది. మూకుడులో ఏదో ఉంది, దానికి బూజు పట్టింది. పొయ్యి గట్టున, కుండ దించే మసిగుడ్డ స్థానంలో, కనక ఒక్కసారే కట్టిన ఎర్రంచు చీర ఉంది.

గట్టు మీద నలుగురూ బీరువా పట్టుకుని కిందికి చూస్తున్నారు. గుమ్మంలోంచి ఒక మనిషి వాకిట్లోకి వచ్చింది. ఒక చేతిలో కుండ, ఇంకో చేతిలో చీర.

“ఓలమ్మో! నా కొత్త సీరతో కుండ దింపినాడు బాబో!”

కొండ ఆ మాటను రెండుసార్లు తిరిగి చెప్పింది.

“ఇన్నావా బావా? తిట్టింది!” అన్నాడు గాసి.

“ఇన్నాను. అవతల ఊరు కూడా ఇంటాది.”

ఆ ఆనందంలో గాసి బీరువా వదిలేశాడు. అది పక్కకు తిరిగింది. ఎండ కాస్తా ఎగిరి చింతచెట్టు మీద వాలింది. కింద కనక మళ్లీ నీడలో పడింది.

“ఇచ్చినట్టే ఇచ్చి తీసీసినావేటి? ఉండు, నానొత్తన్నాను!”

ఆమె గెడ్డ దాటడం చూసి సుక్రుకీ ఫల్గుణకీ ఏదో అర్జంటు పని గుర్తొచ్చింది. ఇరవై నిమిషాల్లో కనక గట్టెక్కింది. చెమట పట్టింది. చెంపలు ఎర్రబడ్డాయి. వెనకే గొడుగుతో సంతోషమ్మ రొప్పుతూ వచ్చింది.

కనక కుండతో మొదలుపెట్టింది. చీర దగ్గర గొంతు పెంచింది. బీరువాకున్న కొత్త సొట్ట చూసి గాసి వంశం జోలికి వెళ్లింది. గాసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నవ్వు ఆపుకోలేకపోయాడు.

“నవ్వుతావేటి? పళ్లు రాలగొట్టెత్తాను!”

“రాలగొట్టవే. బేగి రాలగొట్టు.”

చివరికి కనక అలసిపోయి బండమీద కూర్చుంది. ఎండ మొహం మీద పడుతోంది. కళ్లు మూసుకుంది. మాట లేదు.

గాసి కంగారుగా ముందుకు వంగాడు. “కనకా? అప్పుడే అయిపోనాదేటి? ఇంకా ఉంది. మొన్న మేక మన కాఫీ మొక్కలు మేసీసింది. నాను తడిక కట్టనేదు.”

కనక కన్ను తెరిచింది. “ఎన్ని మొక్కలు?”

“ఏడు.” ఆమె మొహం చూసి పెంచాడు. “పది!”

ఇంకో విడత నడిచింది. అది అయ్యాక ఆమె ఎండలోకి కాళ్లు చాపుకుంది.

“ఆకలేత్తంది” అంది.

గాసికి కాళ్లు ఆగలేదు. “ఉండు, ఒక్క పరుగున పోయి అంబలి తెత్తాను.”

“నువ్వొండిందా? సచ్చిపోతాను. నానే వండుకుంతాను.” లోయ కిందికి, ఇంకా నీడలోనే ఉన్న ఇంటికేసి చూసింది. “కానీ పొద్దున్నే ఆ సీకట్లో పొయ్యి ముట్టించను. రేపు పొయ్యి ఇక్కడికే మోసుకురండి. తిరగలి కూడా.”

గాసి తల ఊపి, మోకు అందుకోబోతూ సైలస్ కోసం చూశాడు. సైలస్ అప్పటికే సగం కొండ దిగిపోయాడు.