పిండిమర మీది శ్లాబు

"స్తంభాలు ఇంత ఎడంగా వేస్తే పైకప్పు ఊడి జనం నెత్తిన పడదూ?" అని నాగరత్నం అడిగేనాటికి నేనింకా పుట్టనే లేదు. నేను ఒక శ్లాబును. తుని దగ్గర ఆమె నడిపే పిండిమరకు పైకప్పును.

ఆమె భయపడటంలో తప్పులేదు. మిగతా ఇళ్ళలో స్తంభాలు బళ్ళో పిల్లల్లా వరసలో నిలబడతాయి. నా కింద అలా కుదరలేదు. ఒక స్తంభం రావాల్సిన చోట పూడ్చేసిన నుయ్యి ఉంది. ఆ వదులు మట్టిలో పునాది నిలవదు. ఇంకోటి సరిగ్గా మర బెల్టుకు అడ్డం. రెండూ పక్కకు జరిగాయి. దాంతో ఒకవైపు ఎడం మరీ ఎక్కువ, పక్కవైపు మరీ తక్కువ.

లెక్కలు కట్టింది ఆమె కూతురు హైమవతి, కొత్తగా ఇంజనీరైన పిల్ల. నా ఒంటి సంగతి నాకు ఆ లెక్కల్లోనే తెలిసింది. స్తంభాల నడుమ నా పొట్ట సాగుతుంది, అందుకని అక్కడ ఇనుము అడుగున ఉండాలి. స్తంభం మీద నా వీపు సాగుతుంది, అక్కడ ఇనుము పైన ఉండాలి. పొడుగు వైపు కిందికి వంగబోతే పొట్టి వైపు పైకి లేవాలని చూస్తుందట! ఒక్క ఒంట్లో ఇన్ని తిక్కలా అని నాకే ఆశ్చర్యం వేసింది.

శ్లాబు పోసే రోజు నాగరత్నం ఈశాన్య మూలన కొబ్బరికాయ కొట్టింది. కొట్టి దిగిపోతే బాగుండేది. ఊచల మీదే తిరుగుతూ, ప్రతి స్తంభం దగ్గరా ఆగి, గట్టిగా ఉందో లేదోనని కాలితో నొక్కి నొక్కి చూసింది. వీపున ఉండాల్సిన ఊచలు కాస్తా అడుక్కి దిగిపోయాయి. పడిపోతుందేమోనన్న బెంగతో పడిపోయే పని చేయడం మనుషులకే చేతనవుతుంది.

"అమ్మా, దిగు! మేస్త్రీ గారూ, కాంక్రీటు కలిపే మిల్లరు ఆపండి!" అని హైమ అరిచింది.

"ఏవైందే? కూలిపోతందా?"

"నువ్వలా తొక్కితే కూలుద్ది. పై రాడ్లన్నీ పడుకున్నాయి చూడు."

మేస్త్రీ ధనరాజు నవ్వాడు. "అమ్మగారు తొక్కినంత మా కూలోళ్ళు కూడా తొక్కలేదండీ."

ఊచలన్నీ ఎత్తి, వాటిని కిందినుంచి ఎత్తి పట్టే ఇనప చైర్లు మళ్ళీ నిలబెట్టి కట్టాకే కాంక్రీటు పడింది. మడులు కట్టి నీళ్ళు పెట్టారు. నేను గట్టిపడ్డాను. కింద ఆనించిన కర్రలు ఒక్కొక్కటే తీసేశారు.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. కట్టుబడి మొదలైనప్పటి నుంచీ మర మూసే ఉంది. పిండికొచ్చేవాళ్ళు పక్కూరి మరకు అలవాటు పడుతున్నారు. ఇంకా ఆలస్యమైతే ఇటు తిరిగి చూడరు. తల్లీకూతుళ్ళ బతుకంతా ఆ మరే. అయినా నాగరత్నం నా కింద మర తిప్పనివ్వదు.

హైమ నా కింద ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగి కట్టి, ఎంత వంగానో కొలిచింది. తను లెక్కేసినంత కూడా వంగలేదు.

"చూశావుగా అమ్మా. మర వెయ్యనా?"

నాగరత్నం తలెత్తి నా పొడుగు వైపు చూసింది. పక్కకు జరిగిన స్తంభాన్ని చూసింది. గుమ్మంలో డబ్బాలతో ఆగిన ఆడవాళ్ళను చూసింది. ధనరాజు వేళ్ళ మధ్య బీడీ ఆరిపోయింది. నేను కదలకుండా ఉన్నాను, నాకు చేతనైంది అదే కదా.

చివరికి ఆమె చీర కొంగు నడుముకు దోపింది.

"వేద్దాం. స్విచ్చి నేనేస్తాను. నువ్వు మాత్రం గుమ్మం అవతల నిలబడు."