లోపల కొరికిన పండు

సోమవారం వస్తే ఆవిడ పని ఒక్కటే. పెరట్లో పేరు తెలియని ఆపిల్ చెట్టున్నవాళ్లు తలా మూడు పండ్లు పట్టుకుని ఉద్యానశాఖ ఆఫీసులో బల్ల మీద వరసగా కూర్చుంటారు. ఆవిడ తొడిమ పొడవు కొలుస్తుంది, పండు నిలువుగా కోసి గింజలు చూస్తుంది, లావుపాటి రిజిస్టరు తిరగేసి ఇది ఫలానా రకమని చెప్పి పంపేస్తుంది.

ఆ వారం ఒక ముసలి దర్జీ వచ్చాడు.

"రోడ్డు వెడల్పు చేస్తున్నారమ్మా. ఎక్కడా లేని రకమని మీరు రాసిస్తే చెట్టు వదిలేస్తారట. లేదంటే శుక్రవారం కొట్టేస్తారు."

పండు పైకి నున్నగా ఉంది, గీత కూడా లేదు. కోస్తే లోపల ఎవరో కొరికిన గాటు. ఇప్పుడే కొరికి వదిలినట్టు ఇంకా తడిగా ఉంది.

"మా పండ్లలో పంటిగాట్లుంటాయమ్మా," అన్నాడు దర్జీ, దారం తెగిందని చెప్పినంత మామూలుగా. "మొదటి కాపులో ఆరేళ్ల పిల్లవి. ఏటేటా ఎదుగుతూ వచ్చాయి."

"మొదటి కాపు ఎప్పుడు?"

"ఇరవై రెండేళ్లయింది."

ఆవిడ భూతద్దం తీసింది. ఎడమ పక్కన పన్ను మీద పన్ను, అచ్చం అమ్మకున్నట్టే, చెల్లెలికున్నట్టే. చెల్లెలు ఆరేళ్లప్పుడు సంతలో చెయ్యి వదిలించుకుని కనబడకుండా పోయి ఇరవై రెండేళ్లు. అప్పుడు దాని చెయ్యి పట్టుకున్నది తనే.

వరసలో వెనకున్న ఆడమనిషి తొంగిచూసి, "ఎవరో ఆడపిల్లవి," అని తన సంచీ సర్దుకుంది.

రెండు చెక్కలూ రుమాల్లో చుట్టుకుని ఆవిడ మధ్యాహ్నమే ఇంటికెళ్లింది. తల్లి బట్టలు మడతపెడుతోంది. ఎదురుచూసి విసిగి, చిన్నది చనిపోయినట్టు రాసుకోమని మునిసిపాలిటీలో పోయిన నెలే దరఖాస్తు పెట్టిన తల్లి. కూతురందించిన పండు చెక్కని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి గాటు మీద వేలు ఆనించింది. అదే వేలితో తన పన్ను తడుముకుంది.

"వేళకి తింటోందంటావా?" అంది.

"గాటు లోతుగానే ఉందమ్మా."

మర్నాడు ఇద్దరూ వెళ్లి దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. ఆవిడ రిజిస్టర్లో కొత్త పేజీ తిప్పి, 'ఎక్కడా లేని రకం, కొట్టరాదు' అని రాసి సంతకం పెట్టింది. రోడ్డు ఆ చెట్టు దగ్గర కాస్త వంగి పోయింది.

ఏటా కాపుకొచ్చాక తల్లీకూతుళ్లు వెళ్లి ఒక పండు కోసి, చూసుకుని, తినకుండా తిరిగొచ్చేవాళ్లు. నాలుగో ఏడు, పెద్ద గాటు పక్కన ఇంకో గాటు కనబడింది. బియ్యపుగింజలంత పళ్లు, పైన రెండు, కింద రెండు.

"బిడ్డకి ఏడాది నిండి ఉంటుంది," అంది తల్లి.

కూతురి చేతిలోంచి ఆ చెక్క అందుకుని, చిన్న గాటు పక్కనే మెల్లగా తనూ కొరికింది.