పెట్టె వదిలిన ఈగలు

కోడలు అంట్లు తోముతోంది. మా వాడు వంటింటి గుమ్మంలో నిలబడి, "రేపు మీటింగులో నేనే చెప్తాలే. నువ్వు కాగితాలు సర్ది పెట్టు, చాలు" అన్నాడు. ఆమె గిన్నె తిరగేసి అడుగు తోమింది.

ఇద్దరిదీ ఒకటే ఆఫీసు. పని మాత్రం ఆమెది. తేనెటీగల ఒంటికి పేనులాంటి పురుగు పట్టుకుని పీలుస్తుందట. పురుగు ఎంత పెరిగితే ఈగలు ఎంత తరుగుతాయో కంప్యూటర్లో చూస్తుంది. అందులో ఈగలూ, పురుగులూ అన్నీ ఆమె రాసిన లెక్కలే. పోయినసారీ లెక్క ఆమె కట్టింది, చప్పట్లు వాడికి పడ్డాయి. "ఎవరు చెప్తే ఏంటే? మొగుడేగా, పరాయివాడా" అంది అప్పుడు మా ఆవిడ. కోపం రాలేదా అమ్మా అని కోడల్ని నేనడిగాను.

"రాలేదు మావయ్యా. ఏదీ రావట్లేదు. చన్నీళ్ళలో ఉండీ ఉండీ చెయ్యి మొద్దుబారుతుందే, అలా ఉంది."

ఈసారి లెక్క కుదరలేదు. కంప్యూటర్లో ఈగలు తేనెపెట్టెలోనే చచ్చిపోతున్నాయి. ఆఫీసు తోటలో పెట్టిన నిజం పెట్టెలు తెరిస్తే ఖాళీ. చచ్చిన ఈగ ఒక్కటీ లేదు. "చావుల అంకె కాస్త అటూ ఇటూ చెయ్యి" అనేవాడు మా వాడు. పొయ్యి మీద పాలు చూసుకుంటూ మార్చేది. పిల్లకి జడ వేసి వచ్చి మళ్ళీ మార్చేది. నిన్న బట్టలు మడత పెడుతూ పెడుతూ ఆగిపోయింది.

"నాకెంత మతిలేదో చూడండి మావయ్యా" అంది, ఎవరి సంగతో చెప్తున్నట్టు. "తట్టుకోవాలి, లేదంటే చావాలి. ఈగకి ఆ రెండే రాశాను. భరించలేకపోతే పెట్టె వదిలి ఎగిరిపోతాయి. చదువుకున్న సంగతే. రాయాలని తట్టనే లేదు."

ఆ ముక్క చేర్చింది. లెక్క తోటతో కలిసింది.

గుమ్మంలో మా వాడు ఇంకా కదల్లేదు. "నిన్న చేర్చావే, అది తీసెయ్. ఎప్పుడు పోతాయి, ఎందుకు పోతాయి అని అడిగితే నేనేం చెప్పను?"

ఆమె కుళాయి కట్టేసింది. "తియ్యను."

"మరి ఎవరు చెప్తారు?"

"నేనే."

వాడు నవ్వాడు. "నువ్వా? నలుగురిలో నోరు పెగలక గుడ్లప్పగించి నిలబడతావు."

చేతులు తుడుచుకుంది. గొంతు పెంచలేదు.

"నిలబడతాను. మాట వచ్చేదాకా అక్కడే నిలబడతాను."