పిల్ల రాల్చిన గంటలు

సెలూనాయనకి పగలంతా జనం జుట్టు ఊడ్చడం ఒక పని. సాయంత్రం ఇంటికొచ్చాక కూతురు రాల్చిన గంటలు ఊడ్చడం ఇంకో పని. వృథాగా పోయిన కాలం బూడిదరంగు దూదిలా కుర్చీ కింద రాలడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. పక్కింటి ఇస్త్రీ ఆవిడ రోజూ ఓ గుప్పెడు ఊడ్చి చెత్తబుట్టలో వేస్తుంది. ఎదురింటి రిటైరైన గుమాస్తా వరండాలో కాస్త ఎక్కువే పడుతుంది. కానీ ఈ పిల్ల కుర్చీ కింద మోకాలెత్తున పేరుకునేది.

"ఏమే, ఇది చదువుకునే బల్లా, పరుపులు కుట్టే కొట్టా?" అంటూ ఆయన చీపురు నేలకేసి కొట్టేవాడు.

"ఇప్పుడే పుస్తకం తెరిచాను నాన్నా."

తెరిచిన మాట నిజమే. ఆ తెరిచిన పేజీ మీద ఫోను, ఫోనులో ఎవరో పిల్లికి స్నానం చేయిస్తున్నారు.

పిల్ల ఫార్మసీ కోర్సుకి ప్రవేశపరీక్ష రాయాలి. నిరుడు రాసి తప్పింది. తల్లి చిన్నప్పుడే పోయింది కాబట్టి తిట్టే బాధ్యతా బుజ్జగించే బాధ్యతా ఆయనదే. ఫోను పట్టుకెళ్లి సెలూన్‌లో కత్తెర్ల సొరుగులో దాచాడు. క్లాసులన్నీ ఇందులోనే కదా అని పిల్ల కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇంటర్నెట్ తీయించేశాడు. పక్కింటి ఇస్త్రీ ఆవిడ వైఫై పట్టుకుంది. ఇలా కాదని, పిల్లల చేత ఫోను మాన్పించడం ఎలాగో చెప్పే వీడియో ఒకటి పెట్టుకున్నాడు. అది అవగానే ఇంకోటి వచ్చింది, ఆ తర్వాత ఎవరో పాతికేళ్ల తుప్పు కత్తికి పదును పెడుతుంటే దాన్నీ చూశాడు. తల వంచితే తన చెప్పుల చుట్టూ దూది. కుర్చీలో కస్టమరు సగం గడ్డంతో అలాగే ఉన్నాడు.

ఆ ఇంట్లో ఆయన తల్లి కూడా ఉంది. ముసలామెకి గుండె బలహీనం. ఇక ఎన్నాళ్లో చెప్పలేమని డాక్టరమ్మ అనేసింది. మంచం దిగడం మానేసిన ఆమె, ఓరోజు కొడుకు చేటలో దూది ఎత్తి పారబోయడం చూసి కేకేసింది.

"ఒరేయ్, నా దిండు రొట్టెలా అణిగిపోయింది. అది పారేసే బదులు ఇందులో కుక్కరాదూ?"

కుక్కాడు. ఆ వారంలోనే ముసలామె లేచి కూర్చుంది. పైవారం గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, కూరలో ఉప్పు తక్కువైందని సణిగింది. డాక్టరమ్మ గుండె విని, "ఏం వాడుతున్నారు?" అంది.

"దిండండీ. మా అమ్మాయి దూదితో."

"మానకండి," అందావిడ, చీటీ రాస్తూనే. "కానీ ఎప్పటికప్పుడు కొత్తది నింపాలి. పాతబడితే పనిచేయదు."

ఇంటికి వస్తూ ఆయన లెక్క వేసుకున్నాడు. పిల్ల చదివితే దిండు ఖాళీ, పిల్ల చెడితే తల్లి దక్కుతుంది. ఏ గోడకి తల కొట్టుకోవాలో తెలియక, సొరుగులోంచి ఫోను తీసి తనే ఛార్జింగ్ పెట్టి పిల్ల చేతికిచ్చాడు.

"నాన్నా, ఒంట్లో బాగానే ఉందా?"

"నోరుమూసుకుని చూసుకో."

నిజం తెలియడానికి పిల్లకి రెండు రోజులు కూడా పట్టలేదు. ఇక పట్టపగ్గాల్లేవు. "డిస్టర్బ్ చేయకు నాన్నా, నానమ్మ కోసం చూస్తున్నా," అనేది, కాలు మీద కాలేసుకుని. ఆయనకి ఒళ్లు మండేది. తిట్టడానికి లేదు, మెచ్చుకోవడానికి మనసొప్పదు. పళ్లు నూరుకుంటూ దూది తీసుకెళ్లి తల్లి దిండులో కుక్కేవాడు.

ముసలామె మొహంలో రంగు వచ్చింది గానీ చిరాకూ వచ్చింది.

"కళ్లు మూస్తే చాలురా, ఎవడో గంతులేస్తాడు. వాడు ఆగకముందే ఒకతె వచ్చి లిప్‌స్టిక్ పూసుకుంటుంది. ఒక్క కల చివరిదాకా కననివ్వదేం నీ కూతురు!"

"ఓర్చుకోమ్మా."

"ఓర్చుకోవడానికి నీకేంరా, గంతులేసేది నా నెత్తిన!"

పరీక్ష దగ్గరపడ్డాక ఓ మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చేసరికి పెరట్లో గొడవ. ముసలామె ఆయన కత్తెరతోనే దిండు కుట్లు విప్పి, దూదంతా గాలికి దులిపేస్తోంది. పిల్ల గలీబు పట్టుకుని లాగుతూ ఏడుస్తోంది.

"చూడు నాన్నా, చస్తానంటోంది!"

"చస్తానని అన్నానా? పారబోస్తానన్నాను," అంది ముసలామె ఆయాసపడుతూ. "నన్ను వంక పెట్టుకుని అది కూర్చుంటుందేమిటి?"

"వంక కాదు!" పిల్ల గలీబు వదిలేసింది. "నిరుడు చదవలేదా నేను? చదివే తప్పాను. పుస్తకం తెరిస్తే ఆ రిజల్ట్ రోజే కళ్ల ముందుకొస్తుంది. ఫోను తీస్తే ఏదీ గుర్తురాదు. అందుకే..."

సెలూనాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. ఏడాదిగా ఈ పిల్లని బద్ధకమని తిట్టాడు, పొగరని తిట్టాడు. భయమేమో అన్న ఆలోచనే రాలేదు.

ముసలామె మెట్టు మీద కూలబడింది. "ఆ దిండు మీద నాకూ అంతేనే. ఏదీ గుర్తురాదు. నిన్న మీ తాత మొహం గుర్తు చేసుకుందామని చూశాను. ఆ గంతులవాడే వచ్చాడు. బతికే ఉన్నాను, కానీ నా దగ్గర నేను లేను." పిల్ల చెయ్యి లాక్కుని పక్కన కూర్చోబెట్టుకుంది. "నా పక్కన కూర్చుని పైకి చదువు. తప్పు చదివినా నాకేం తెలుస్తుంది?"

పిల్లకి ఏడుపులోనే నవ్వొచ్చింది.

మొదట్లో ఆ చదువు చూడలేక చచ్చేవాడు ఆయన. పిల్ల చెయ్యి దానంతటదే ఫోను మీదకి పాకేది, ముసలామె కాలితో తన్నేది. "మాత్ర కడుపులోకి పోయాక ఏ దారిన పోతుందన్నావు?" అని మధ్యలో అడ్డం పడేది. పిల్ల విసుక్కుని, ఆవిడకి చెప్పడం కోసం పేజీ మళ్లీ మొదట్నుంచి చదివేది. దూది రాలడం తగ్గుతూ వచ్చింది. ముసలామె మళ్లీ మంచం పట్టింది. మొహంలో రంగు పోయింది, కానీ కలల గురించి ఒక్క ఫిర్యాదూ లేదు. పైగా తాత కొత్త సైకిలు కొన్నరోజు కాలవలో పడ్డ సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది.

పిల్ల ఆ పరీక్ష రాసింది, ఫార్మసీలో చేరింది కూడా. కానీ సెలూనాయన ఈ కథ ఎవరికి చెప్పినా ఆ సంగతి ముందే చెప్పేసి, పరీక్షకి ముందువారం జరిగింది చివర్న చెబుతాడు.

ఆ మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి పిల్ల గొంతు వీధిలోకే వినిపిస్తోంది. కాలేయం మందుని ఎలా విరగ్గొడుతుందో, మిగిలింది ఒంట్లోంచి ఎలా బయటికి పోతుందో చదువుతోంది. తల పుస్తకంలోనే ఉంది. ముసలామె గోడకి ఆనుకుని ఉంది, చెయ్యి మనవరాలి మోకాలి మీద. సెలూనాయన జీవితమంతా మనుషుల తలలు పట్టుకున్నవాడు. తల్లి తల వాలిన తీరు చూడగానే తెలిసిపోయింది.

పిలుద్దామని నోరు తెరిచాడు. ఇన్నాళ్లూ చదవవే, చదవవే అని గొంతు చించుకున్న మనిషి ఇప్పుడు ఆపవే అని ఎలా అంటాడు? చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా గుమ్మంలో కూర్చున్నాడు. పాఠం ఇంకా కొంచెం ఉంది. పిల్ల నానమ్మ చేతిమీద చెయ్యి వేసి, పేజీ తిప్పింది.